బేసికన్నుల పాప

మా బళ్లారిలో కళ్ళజోడుకు మూడు పేర్లు. తెలుగిళ్ళలో కళ్ళజోడు, కన్నడిగుల ఇళ్ళలో కన్నడక, కౌల్ బజారు సాయిబుల ఇళ్ళలో చష్మా. తొమ్మిది నెలల పిల్ల ముక్కు మీద దాన్ని చూసినప్పుడు మాత్రం అందరి నోటా ఒకటే మాట, "అయ్యో పాపం!"

మా వీధి చివరింటి కోడలు ఆ మాట విని విని విసిగిపోయి, పిల్లను చంకనేసుకుని నా దగ్గరికి వచ్చింది. "పెదనాయనా, ఒక కంటికి ప్లస్ 5 అంట, ఇంకోదానికి ప్లస్ 2.5 అంట. అ ఆలు రాని పిల్ల ఏం చదివి చెప్పిందని నంబరు రాసిచ్చినారు? కనకదుర్గమ్మకు వెండికళ్ళు మొక్కుకున్నా. ఇది పెట్టాల్నా, అమ్మ మీద భారమేసి ఊరుకోవాల్నా?"

మొదటి ప్రశ్న భలే ప్రశ్న. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా అడగరు.

పిల్ల నోరు విప్పనక్కర్లేదమ్మా అన్నాను. ముందు చుక్కల మందు వేస్తారు. దాంతో కంటిపాప పెద్దదవుతుంది, లోపలి కటకం బిగుసుకోకుండా నెమ్మదిస్తుంది. చీకటి గదిలో రెటినోస్కోపు అనే చిన్న టార్చితో ఒక వెలుగు గీతను కంట్లోకి వేసి అటూ ఇటూ జరుపుతారు. ఫ్లాష్ ఫోటోల్లో కళ్ళు ఎర్రగా పడతాయే, అలాంటి ఎరుపే లోపలినుంచి తిరిగి వస్తుంది. అది టార్చి వెంబడి నడుస్తోందా, ఎదురు నడుస్తోందా అని చూస్తారు. కంటి ముందు అద్దాలు మారుస్తూ పోతే ఒక అద్దం దగ్గర ఆ నడక ఆగి, కంటిపాప మొత్తం ఒక్కసారిగా వెలుగుతుంది. డాక్టరు కూర్చున్న దూరానికి తగ్గ లెక్క అందులోంచి తీసేస్తే, మిగిలిందే నంబరు. పిల్ల ఏడ్చినా నవ్వినా వెలుగు అబద్ధం చెప్పదు.

ఇక ఈ ప్లస్ ఎక్కడిదంటారా? హంపి వెళ్ళొద్దాం రండి. మాకు 60 కిలోమీటర్లు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రవైపు పోయాయి, 2021లో విజయనగర జిల్లా వేరుపడి హంపి కూడా మా జిల్లా లెక్కలోంచి పోయింది. పోతే పోయింది, బస్సులు పోలేదు. విరూపాక్ష గుడిలో, గర్భగుడి వెనకవైపు ఓ చీకటి గది ఉంది. గోడలో చిన్న సందు. ఎదురు గోడ మీద తొమ్మిది అంతస్తుల రాజగోపురం నీడ తలకిందులుగా పడుతుంది. వెలుగు తిన్నగా నడుస్తుంది కాబట్టి శిఖరంనుంచి వచ్చిన కిరణం సందులో దూరి కిందికి దిగుతుంది, అడుగునుంచి వచ్చింది పైకి పోతుంది. మంత్రం లేదు, అద్దం కూడా లేదు.

మన కన్నూ ఆ గదే. వెనక గోడ మీద లోకమంతా తలకిందులుగానే పడుతుంది, నిలబెట్టి చూసుకునే పని మెదడుది. గుడి గోడలో ఉన్నట్టు సన్న సందే అయితే బొమ్మ స్పష్టంగా పడేది కానీ మసక వెలుతురులో ఏమీ కనిపించేది కాదు. అందుకని కంటికి ద్వారం పెద్దది. ద్వారం పెద్దదైతే బొమ్మ అలుక్కుపోతుంది, కాబట్టి వెలుగును వంచి ఒకచోటికి చేర్చే కటకం కావాలి. పసికందు కన్ను ముందునుంచి వెనక్కి 17 మిల్లీమీటర్లు, పెద్దయ్యాక 24. చిన్న గదిలో వెనక గోడ దగ్గరగా ఉంటుంది, బొమ్మ కుదురుకునే చోటు గోడ దాటిపోతుంది. దాన్ని ముందుకు లాగేదే ప్లస్ అద్దం. పుట్టిన పిల్లల్లో చాలామందికి రెండు, మూడు ప్లస్ ఉండనే ఉంటుంది, కన్ను పెరిగేకొద్దీ తగ్గుతుంది. అందరికీ కళ్ళజోడు అక్కర్లేదు.

మా పాప చిక్కు వేరు. రెండు కళ్ళకూ తేడా ఉంది. విరూపాక్షుడంటే బేసికన్నుల దేవర కదా, మా పాపవీ బేసికన్నులే. ఒక కంటినుంచి మంచి బొమ్మ, రెండోదాన్నుంచి అలికిన బొమ్మ వస్తే మెదడు రెండోదాన్ని పక్కన పెట్టేస్తుంది. దీన్ని లేజీ ఐ అంటారు. కన్ను పాపం బద్ధకించలేదు, నింద మాత్రం దానికే. హ్యూబెల్, వీసెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లికూనల ఒక కన్ను కొన్ని నెలలు మూసి ఉంచి తర్వాత తెరిచారు. కన్ను బాగానే ఉంది, మెదడే దాన్ని పట్టించుకోలేదు. పెద్ద పిల్లులకు అలా చేస్తే ఏమీ కాలేదు. 1981లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. మనిషి పిల్లకు మెదడు చూపు నేర్చుకునే గడువు మొదటి ఏడెనిమిదేళ్ళు. ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు.

"అయితే మొక్కు?" అంది.

"మొక్కు మొక్కే. వెండికళ్ళు అమ్మవారికివ్వు, ప్లాస్టిక్ కళ్ళు పిల్ల ముక్కుమీద ఉంచు. తల్లిపాలు, నందివర్ధనం రసం, ఆముదం మాత్రం ఆ కళ్ళలో పోయొద్దు."

సినిమాల్లోలాగా కళ్ళజోడు పెట్టగానే పిల్ల కిలకిలా నవ్వలేదు. పీకి నోట్లో పెట్టుకుంది. వెనక ఎలాస్టిక్ పట్టీ కట్టారు, పట్టీ కూడా పీకింది. తల్లి రోజుకు ముప్ఫైసార్లు పెట్టింది. తర్వాత డాక్టరు ఇంకో కష్టం చెప్పాడు, రోజూ కాసేపు బాగా కనపడే కంటికి ప్యాచ్ అంటించాలని. బాగున్న కన్ను మూసి, బాగాలేని కంటితో బతకమని ఏడ్చే బిడ్డను ఒప్పించడం! ఫలితం రేపు కనపడదు, వచ్చే నెలా కనపడదు. నేను నాస్తికుడికి దగ్గరివాణ్ణే, ఆ తల్లి ఓపికను చూశాక మాత్రం నమ్మకం అనే మాటతో వేళాకోళం ఆడటం మానేశాను.

పాపకు పదకొండో నెల. వాళ్ళింట్లో ఉగ్గాణి చేస్తున్నారు, నేనక్కడే కూర్చున్నా. నేలమీద పడిన ఒక్క బొరుగు గింజను పాప ప్యాచ్ ఉన్న ముఖంతోనే చూసింది, పాకింది, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఏరింది. తల్లి కళ్ళు తుడుచుకునేలోపే గింజ నోట్లోకి పోయింది, ఇంట్లో అందరం పరుగెత్తాం.

కనకదుర్గమ్మ సిడిబండి జాతరకు వెండికళ్ళు ఇచ్చి వచ్చారు. కళ్ళజోడు అలాగే ఉంది.

మీ ఇంట్లో పసిపిల్లలుంటే ఒక పని చేయండి. ఫ్లాష్ ఫోటోలు తీసి చూడండి. ఒక కంటిపాప ఎర్రగా పడి రెండోది తెల్లగా మెరిస్తే అది శుక్లం కావచ్చు, అంతకన్నా పెద్ద జబ్బూ కావచ్చు, ఆ వారంలోనే కంటి డాక్టరుకు చూపించండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే ఏ లక్షణమూ లేకపోయినా సరే, పుట్టిన 30 రోజుల్లోపు రెటినా పరీక్ష చేయించండి.