పాత జీపు ఇంజనులో క్యామ్‌షాఫ్టు బుష్షు అమర్చుట

పాత జీపుగల రైతు సోదరులు ఒక విషయము గమనింపవలెను. ఇంజను విప్పి పిస్టన్లు, రింగులు, మెయిన్ బేరింగులు కొత్తవి వేయించినను, క్యామ్‌షాఫ్టు బుష్షును చూడకున్నచో ఆయిలు పీడనము నిలువక, పెట్టిన సొమ్ము వృథా కావచ్చును.

1945లో వచ్చిన విల్లీస్ సి.జె.-2ఎ జీపు పొలము పనులకు కూడ ఉద్దేశించినది. దాని నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనులో క్యామ్‌షాఫ్టు నాలుగు చోట్ల ఆని తిరుగును. ముందు చోట మాత్రము ఉక్కు గుల్లకు లోపల తెల్లలోహము పూసిన బుష్షు ఉండును. తక్కిన మూడు చోట్ల షాఫ్టు బ్లాకులోనే తిరుగును. క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి ఇది ఒక చుట్టు తిరిగి వాల్వులను ఎత్తును. ఆయిలు పంపును త్రిప్పునదియు ఇదియే.

బుష్షు అరిగినచో సందు పెరిగి ఆయిలు అక్కడనే కారిపోవును. మెయిన్ బేరింగులకు పీడనము తగ్గును. పలువురు పంపు చెడినదని పొరబడుదురు.

అమర్చు విధానము:

1. పాత బుష్షు తీయకముందే దాని ఆయిలు రంధ్రము ఏ వైపున ఉన్నదో బ్లాకుపై గుర్తు పెట్టవలెను.

2. బ్లాకులోని ఆయిలు దారులను కిరసనాయిలుతో కడిగి, గాలి కొట్టి శుభ్రపరచవలెను.

3. కొత్త బుష్షు రంధ్రమును బ్లాకు రంధ్రమునకు సరిగా ఎదురుగా నిలిపి, బుష్షు కొలతకు తగిన మెట్టు కడ్డీతో వంకర పోకుండ దింపవలెను. సుత్తితో నేరుగా కొట్టరాదు.

4. రంధ్రములో సన్నని తీగ దూర్చి చూడవలెను. తీగ అడ్డు లేక పోవలెను. కొంచెము తప్పినను బుష్షు తీసి మరల వేయవలెను. రంధ్రము మూసుకొన్నచో బుష్షు త్వరలోనే కాలిపోవును.

5. బుష్షు తిరుగకుండ పంచితో అంచు నొక్కించవలెను.

6. షాఫ్టుకు ఆయిలు పూసి, క్యాములు బుష్షును గీకకుండ మెల్లగా దూర్చవలెను. అది చేతితో సులభముగా తిరుగవలెను. బిగుతైనచో ఎమెరీ కాగితముతో రుద్దరాదు. దాని పొడి మెత్తని లోహములో దిగి షాఫ్టును తినివేయును. వర్కుషాపులో రీమరు పట్టించవలెను.

7. టైమింగు గేర్ల గుర్తులను కలిపి బిగించవలెను.

మిగిలిన మూడు చోట్ల బ్లాకు అరిగియున్నచో ఆ పని ఇంటివద్ద కాదు. వర్కుషాపులో ఒకే వరుసకు బోరు చేయించి బుష్షులు వేయించవలెను.

ఇంజను నడిపిన వెంటనే ఆయిలు మీటరు చూడుడు. కొన్ని సెకండ్లలో ముల్లు లేవనిచో తక్షణమే ఆపివేయుడు. పని మెకానిక్కుకు అప్పగించినవారు, ముందు కవరు మూయకముందే రంధ్రములో తీగ దూర్చి చూపుమని అడుగుడు.