ఇంజను విప్పుటకు ముందు: పొగ, డీజిలు, ఊపిరి గొట్టము

కృష్ణగిరి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో వేరుశనగ, ప్రత్తి, కంది, ఆముదము వేయు రైతులకు పదును విలువ ఎవరును చెప్పనక్కరలేదు. మృగశిర, ఆరుద్ర కార్తెలలో మంచి వాన ఒకటి కురిసిన పిమ్మట ఎర్రనేలలో తడి కొద్ది రోజులకు మించి నిలువదు. ఊరిలోని ట్రాక్టర్లన్నియు ఆ కొద్ది రోజులలోనే రాత్రింబగళ్లు తిరుగవలెను. సరిగా అప్పుడే మీ ట్రాక్టరు పొగ చిమ్మి, లాగలేక, సాలు మధ్యలో ఆగిపోవును. చూడవచ్చినవారు పొగను చూచి, “రింగులు పోయినవి, ఇంజను విప్పవలసినదే” అందురు. విప్పినచో అది వారము పది రోజులు షెడ్డులో కూర్చుండును. ఖర్చు వేలకు వేలు అగును. ఈలోగా పదును ఆరిపోవును.

రింగులు నిజముగా అరిగిపోయిన ఇంజన్లు లేకపోలేదు. అయితే బయటనుండు ఒక మూతలోనో, గొట్టములోనో, ఫిల్టరులోనో చేరిన మురికి కూడ సరిగా అట్టి గుర్తులనే చూపును. ఒక పూటలో, రెండు మూడు స్పానర్లతో, మీ చేతులతోనే చూచుకొనదగిన ఆ లోపములను గూర్చి ఇక్కడ వ్రాయుచున్నాము. వాటిని చూడకుండ ఇంజను విప్పనీయవద్దు.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు ఉండదు. సిలిండరులోనికి పీల్చిన గాలిని పిస్టన్ సుమారు 16 నుండి 18వ వంతుకు కుదించును. అట్లు నొక్కబడిన గాలి 500 డిగ్రీలకు పైగా వేడెక్కును. ఆ వేడిలోనికి నాజిలు డీజిలును సన్నని తుంపరగా చిమ్మగానే అది తనంతట తానే అంటుకొనును. ఒక్క లీటరు డీజిలు పూర్తిగా మండుటకు సుమారు 10 ఘనపు మీటర్ల గాలి కావలెను. అనగా 200 లీటర్ల పీపాలు 50 నిండునంత. రోజుకు 40 లీటర్లు కాల్చు ట్రాక్టరు ఎంత లేదన్నను రెండువేల పీపాల గాలిని మ్రింగుచున్నదన్నమాట. వేసవి దుక్కులలో మన పొలములపై లేచు దుమ్మును తలచుకొనుడు. ఆ గాలితోపాటు లోనికి పోజూచునది ఆ దుమ్మే.

పొగ ఏమి చెప్పును?

నల్లపొగ వచ్చుచున్నదనగా డీజిలుకు తగిన గాలి అందుటలేదని అర్థము. మొదట చూడవలసినది ఎయిర్ క్లీనరు. అడుగున నూనె గిన్నె గల పాతరకము క్లీనరులో నూనె క్రింద బురదవలె మట్టి పేరుకొనును. దుమ్ములో పనిచేయునప్పుడు దానిని ప్రతిదినము విప్పి చూడవలెను. నూనె చిక్కబడినచో పారబోసి, గిన్నెను, లోపలి తీగజాలిని డీజిలుతో కడిగి, గుర్తు వరకు మాత్రమే క్రొత్త నూనె పోయవలెను. గుర్తు మించిన నూనె ఇంజనులోనికి పీల్చబడి మరియొక తంటా తెచ్చును. కాగితపు ఫిల్టరు గల క్లీనరును కడుగరాదు, గట్టిగా నేలకేసి కొట్టరాదు. తక్కువ ఒత్తిడిగల గాలిని లోపలినుండి వెలుపలికి పట్టవలెను. చీలిక ఉన్నదేమో లోపల దీపము పెట్టి చూచి, ఉన్నచో మార్చివేయవలెను.

ఇక్కడ చాలమంది మరచునది రబ్బరు గొట్టము. క్లీనరునుండి ఇంజనుకు పోవు ఆ గొట్టమునకు బీట పడినను, క్లిప్పు వదులైనను, క్లీనరు ఎంత శుభ్రముగా నున్నను లాభము లేదు. గొట్టమును ఊడదీసి ఇంజను వైపు కొనలో వ్రేలు త్రిప్పి చూడుడు. వ్రేలికి గరగరలాడు మన్ను తగిలెనా, దుమ్ము అడ్డదారిన లోనికి పోవుచున్నదని నిశ్చయము. రింగులను, సిలిండరును సానరాయివలె అరుగదీయునది ఆ మన్నే. పది పదునైదు రూపాయల క్లిప్పు బిగింపక, ఇంజనుకు బోరు పట్టించుకొనుట ఏమి లెక్క?

గాలి సరిగా నున్నను నల్లపొగ తగ్గనిచో బరువు ఎక్కువయినదేమో చూడుడు. చిన్న ట్రాక్టరుకు పెద్ద రోటవేటరు కట్టి గట్టినేలలో దింపినచో నల్లపొగ రాక మానదు. అది ట్రాక్టరు జబ్బు కాదు. దాని తరువాతనే నాజిళ్లను అనుమానింపవలెను. పాతరకము పంపు గల ఇంజనులో దీనికి సులభమైన పరీక్ష కలదు. ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా ఒక్కొక్క నాజిలుకు పోవు గొట్టపు నట్టును, పైన గుడ్డ కప్పి, కొద్దిగా వదులు చేయుడు. ఇంజను శబ్దము మారి తడబడినచో ఆ సిలిండరు పనిచేయుచున్నట్లు. ఏ మార్పును లేనిచో లోపము అక్కడ. ఆ ఒక్క నాజిలును మాత్రమే పరీక్షకు పంపవలెను. నాజిలునుండి చిమ్ము డీజిలు చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు కనుక చేయి అడ్డము పెట్టి చూడరాదు.

తెల్లపొగ చలి ఉదయమున కొంచెము సేపు వచ్చి పోయినచో భయము లేదు. ఇంజను వేడెక్కిన తరువాతను వచ్చుచున్నచో డీజిలు మండకయే బయటికి వచ్చుచున్నట్లు, లేదా రేడియేటరు నీరు సిలిండరులోనికి చేరుచున్నట్లు. రేడియేటరులో నీరు ఊరక తగ్గిపోవుచు, డిప్‌స్టిక్కు మీది నూనె పాలవలె తెల్లబడినచో హెడ్ గ్యాస్కెటుకు సంబంధించిన పని. అది మెకానిక్కుకే వదలవలెను.

ఇక నీలిపొగ. ఇంజన్ ఆయిలు మండుచున్నదనుటకు ఇది గుర్తు. “రింగులు పోయినవి” అను తీర్పు వినవచ్చునది కూడ దీనిని చూచియే. ఆ తీర్పును ఒప్పుకొనుటకు ముందు ఊపిరి గొట్టమును చూడుడు.

ఊపిరి గొట్టము

క్రొత్త ఇంజనులో సైతము పిస్టన్ రింగుల ప్రక్కనుండి కొద్దిగా వాయువు క్రిందనున్న ఆయిలు చాంబరులోనికి జారును. అది బయటికి పోవుటకై ఇంజను ప్రక్కన గాని, పై మూతమీద గాని ఒక చిన్న గొట్టము పెట్టుదురు. బ్రీదరు అందురు. ఇది నూనె మడ్డితోను, దుమ్ముతోను మూసికొనిపోవును. వేసవిలో నెలల తరబడి కదలని ట్రాక్టర్ల గొట్టములలో కందిరీగలు మట్టిగూళ్లు కట్టుటయు కలదు. నూనె చుక్కలు పడుచున్నవని గుడ్డ కుక్కుట అన్నిటికంటె చెడ్డపని.

దారి మూసికొనగా లోపల ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడి నూనెను సీళ్ల సందులనుండి, గ్యాస్కెట్ల అంచులనుండి వెలికి నెట్టును. డిప్‌స్టిక్కును పైకి ఎగదన్నును. వాల్వు గైడ్ల వెంట సిలిండరులోనికి తరుమును. అప్పుడు నీలిపొగ వచ్చును. యజమాని సీలు పోయినదని క్రొత్త సీలు వేయించును, కొద్దిరోజులకు అదియు కారును, మరల సీలు. గొట్టము శుభ్రము కానంతవరకు ఈ ఖర్చుకు అంతుండదు.

పరీక్ష ఇట్లు చేయుడు. ఇంజను వేడెక్కిన తరువాత నెమ్మదిగా తిరుగనిచ్చి ఊపిరి గొట్టపు కొన చూడుడు. సన్నగా ఆవిరి వచ్చుట సహజము. ఏమియు రాక, నూనె పోయు మూత తెరువగానే బుస్సున పొగ వచ్చినచో, గొట్టము మూసికొన్నది. ఇంజను ఆపి, చల్లారిన తరువాత గొట్టమును, దానిలోని జాలిని విప్పి డీజిలుతో కడిగి, ఆరబెట్టి, ఊది చూచి బిగింపుడు. ఒకటి రెండు దినములు నడిపి నూనె కారుట, పొగ తగ్గినవేమో గమనింపుడు. గొట్టము శుభ్రముగా నుండియు దానినుండి దట్టమైన పొగ ఆగి ఆగి ఎగదన్నుచున్నచో మాత్రము రింగులు, సిలిండరు అరిగినవని అనుకొనవచ్చును.

నూనె మట్టము కూడ చెప్పుట మరువరాదు. “కొంచెము ఎక్కువ పోసిన మంచిదే” అనుకొందురు, కాదు. ఎక్కువైన నూనె గాలి దారిలోనికి చేరినచో ఇంజను తన నూనెనే కాల్చుకొనుచు అదుపుతప్పి పరుగెత్తును, ఆపు లివరు లాగినను ఆగదు. అట్టి సమయమున గాలి పీల్చు నోటిని మందపు చెక్కతో మూయవలెను. చేయి పెట్టరాదు. అది వీలుకానిచో దూరముగా పోవుటయే మేలు. నూనె మట్టము పోయకుండగనే పెరుగుచు, పలుచనై డీజిలు వాసన కొట్టినచో, ఫీడ్ పంపునుండియో నాజిలునుండియో డీజిలు నూనెలో కలియుచున్నది. ఆ నూనెతో ఒక్క గంట కూడ నడుపరాదు.

ఊరక ఆగిపోవుట

ఇంజను అరగంట చక్కగా నడిచి, ఆగి, కొంతసేపటికి మరల స్టార్టయి, మరల ఆగునట్టి లోపము చాలమందిని తిప్పలుపెట్టును. డీజిలు ట్యాంకు మూతకు సన్నని రంధ్రము ఉండును. డీజిలు తగ్గిన కొలది గాలి దాని ద్వారా లోనికి రావలెను. అది పూడిపోయినను, పోయిన మూతకు బదులు పాలిథీను సంచి కట్టినను, ట్యాంకులో గాలి అందక డీజిలు దిగదు. ఆగినప్పుడు మూత వదులు చేయుడు. బుస్సున గాలి పీల్చిన శబ్దము వినబడి ఇంజను మరల నడిచెనా, జబ్బు దొరికినది.

అది కానిచో డీజిలు దారిలో గాలి చేరినదేమో చూడవలెను. ట్యాంకు పూర్తిగా ఖాళీయగువరకు నడుపుట, ఫిల్టరు మార్చినప్పుడు వాషరు సరిగా కూర్చుండకపోవుట దీనికి కారణములు. ఫిల్టరు మీది బ్లీడింగు స్క్రూను వదులు చేసి, చేతిపంపును కొట్టుచు, బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చువరకు ఆగి బిగింపుడు. పిదప రెండవ ఫిల్టరు, ఆ తరువాత పంపు. ఈ వరుస తప్పరాదు. మరల మరల గాలి చేరుచున్నచో ట్యాంకునుండి ఫీడ్ పంపు వరకు గల గొట్టములో ఎక్కడనో బీట ఉన్నది. అక్కడ డీజిలు కారదు, గాలి పీల్చును. కనుకనే కంటికి కనబడదు.

ఫిల్టరులో నీరు కనబడుటకు సాధారణముగా మనము డీజిలు దాచు పద్ధతియే కారణము. పీపాను ఎండవానలలో నిలువుగా పెట్టినచో మూత చుట్టు నిలిచిన నీరు లోనికి దిగును. నీడన, కొంచెము వాలుగా పెట్టి, తెచ్చిన తరువాత ఒక దినమైనను కదలక ఉంచి, అడుగు డీజిలు వదలి పైది మాత్రమే తీసికొనవలెను. జస్తు పూత పూసిన పాత్రలలో డీజిలు ఉంచరాదు. సాయంత్రము పని ముగియగానే ట్యాంకు నింపినచో రాత్రి చల్లదనమునకు లోపల నీటిబిందువులు పట్టుట తగ్గును.

ఒక హెచ్చరిక. 50 హార్సుపవరుకు మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి ట్రెమ్ 4 అను పొగ నిబంధనలు వచ్చినవి. ఇట్టి క్రొత్త ఇంజన్లలో కామన్ రెయిలు అను పద్ధతి ఉన్నచో డీజిలు ఒత్తిడి వేయి బార్లను మించును. వాటి నాజిలు నట్లను ఇంజను తిరుగుచుండగా వదులు చేయుట ప్రాణాపాయము. పైన చెప్పిన పరీక్ష వాటికి కాదు. బంకు డీజిలులో గంధకము 2020 ఏప్రిల్ 1 నుండి కిలోకు 10 మిల్లీగ్రాములకు పరిమితము. కిరోసిను కలిపిన డీజిలు ఏ ఇంజనుకైనను కీడే, వీటికి మరింత కీడు.

ఇవి అన్నియు చూచిన తరువాతను ఇంజను లాగనిచో, మెకానిక్కును మొదట కంప్రెషన్ గేజితో ఒక్కొక్క సిలిండరును కొలిచి, ఆ అంకెలను మీకు వ్రాసి ఇమ్మని అడుగుడు. గేజి లేకుండ విప్పుదుననువానికి ఇంజను అప్పగింపవద్దు. గ్రూపు ట్రాక్టరైనచో ఆ కాగితమును, నూనె, ఫిల్టర్లు మార్చిన తేదీలను, నడిచిన గంటలను ఒకే పుస్తకములో ఉంచవలెను. ఈ పనులను చేతితో చేసి నేర్చుకొనదలచినవారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో ట్రాక్టరు మరమ్మతు, సంరక్షణలపై శిక్షణ ఇచ్చుదురు.