బోస్నియా భూమి పత్రాలు: కాలినవి, మిగిలినవి

1992 మే 17న సారాయేవో నగరాన్ని ముట్టడించిన సెర్బు సేనలు అక్కడి ప్రాచ్య విద్యాసంస్థపై ఫిరంగులు పేల్చాయి. 1950లో స్థాపితమైన ఆ సంస్థ మంటల్లో చిక్కుకుంది. అరబ్బీ, ఫారసీ, తుర్కీ తదితర భాషల్లోని 5,263 వ్రాతప్రతులు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. ఆ వ్రాతప్రతుల సంగతి చాలామందికి తెలుసు. వాటితోపాటు రాష్ట్ర పాలనకు చెందిన సుమారు 2 లక్షల కాగితాలూ, ఖాజీ న్యాయస్థానాల చిట్టాలూ, ఉస్మానియా పాలన చివరి రోజుల్లో ఏ భూమి ఎవరిదో తెలిపే 19వ శతాబ్దపు దఫ్తర్లూ కాలిపోయాయి. వీటి ప్రస్తావన అరుదు. సామాన్య కుటుంబాల చరిత్ర ఉన్నది మాత్రం వీటిలోనే.

బోస్నియాలో ఉస్మానియా పాలన 1463 నుండి 1878 వరకు సాగింది. ఖాజీ, దఫ్తరు, నకలు, వక్ఫ్ వంటి మాటలను తెలుగు పాఠకునికి విడమరచి చెప్పనవసరం లేదు; ఇక్కడి కచేరీల్లోనూ అవే వాడారు. ఇల్లు, తోట, మర వంటివి సొంత ఆస్తి. వాటిని అమ్మదలచినవాడు కొనేవానితో కలిసి ఖాజీ ఎదుటికి వచ్చేవాడు. నాలుగు దిక్కుల హద్దులు, ధర, సాక్షుల పేర్లు వ్రాసి, ఖాజీ ముద్ర వేసిన పత్రాన్ని కొన్నవాని చేతికిచ్చేవారు. దాని సారాంశం సిజిల్లు అనే చిట్టాలో ఎక్కేది. అప్పును వ్రాతలో పెట్టి సాక్షులను ఉంచుకోమన్న ఖుర్ఆన్ ఆదేశం (అల్ బఖరా, 282) తెలిసిన సమాజంలో ఈ అలవాటు బలపడటం సహజమే. పంటపొలాల సంగతి వేరు. అవి చాలావరకు ప్రభుత్వ భూములు. రైతుకు ఉండేది సాగు హక్కే. ఆ హక్కుకు ఇచ్చే పత్రం పేరు తాపు. 1858 భూచట్టం తరువాత ఈ తాపులను క్రమంగా నమోదు చేయనారంభించారు.

ఇలా ఒకే భూమి జాడ మూడు చోట్ల ఉండే వీలుండేది: యజమాని ఇంటి పెట్టెలో, ఖాజీ చిట్టాలో, రాజధానికి వెళ్ళిన సర్వే దఫ్తరులో. రాజధానికి చేరినవి నేటికీ ఇస్తాంబుల్, అంకారా భాండాగారాల్లో భద్రంగా ఉన్నాయి. సారాయేవో పరిసరాలు కూడా చేరిన 1455 నాటి సర్వేను హాజిమ్ షబానోవిచ్ పరిష్కరించగా, ఆ ప్రాచ్య సంస్థే 1964లో ప్రకటించింది. అచ్చయిన పుస్తకం పలు దేశాల గ్రంథాలయాలకు చేరింది గనుక దానికి నష్టం లేదు. అయితే ఆ సర్వేలు పన్ను కోసం చేసినవి. ఏ గ్రామంలో ఎన్ని ఇళ్ళు, ఎంత రాబడి అన్నంతవరకే చెబుతాయి. తండ్రి ఇంటిలో తన వాటాను ఏ స్త్రీ ఎవరికి అమ్మిందో సిజిల్లులోనే దొరకాలి.

అదే నగరంలో గాజీ ఖుస్రౌ బేగ్ గ్రంథాలయం కథ వేరుగా ముగిసింది. 1537 నాటి వక్ఫ్‌నామాలో, మదరసా కట్టగా మిగిలిన సొమ్ముతో పుస్తకాలు కొనాలని దాత వ్రాయించాడు. ముట్టడి కాలంలో సిబ్బంది ప్రాణాలకు తెగించి ఆ వ్రాతప్రతులను ఒకచోటి నుండి మరొకచోటికి మోసుకుపోయారు. సారాయేవో ఖాజీల సిజిల్లులు కొన్ని ఆ సేకరణలో ఉన్నందున నేటికీ చదవడానికి దొరుకుతున్నాయి. 1945 తరువాత యుగోస్లావియాలో వక్ఫ్ ఆస్తులు చాలావరకు ప్రభుత్వపరమయ్యాయి. వాటిని తిరిగి కోరేవారికి పాత వక్ఫ్‌నామా, పాత హద్దుల వివరం కేవలం చరిత్ర కాదు.

కాలిపోయిన వాటికోసం అమెరికాలో కొందరు విద్వాంసులు ఒక ప్రయత్నం చేశారు. యుద్ధానికి ముందు సారాయేవోకు వచ్చి చదువుకున్న విదేశీ పరిశోధకులు తమ పనికోసం తీసుకుపోయిన ఫొటో నకళ్ళను, మైక్రోఫిల్ములను వెదికి సమకూర్చసాగారు. కొన్ని దొరికాయి. పరిశోధకులు సహజంగా పేరున్న గ్రంథాలను, పెద్ద దస్తావేజులను నకలు తీసుకున్నారు. మారుమూల గ్రామంలోని మర వాటా అమ్మకపు పత్రాన్ని నకలు తీసే అవసరం ఎవరికీ కలగలేదు.