సెకండ్ హ్యాండ్‌లో జెయింట్ స్కేల్ ఆర్‌సీ విమానం కొన్నా: ఎగరేసే ముందు ఏమేం విప్పి చూశానంటే

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? బ్యాటరీ హెల్త్ ఎంత ఉంది, డిస్‌ప్లే ఒరిజినలేనా, నీళ్లలో పడిందా లేదా. ఇన్ని చూసినా ఒక్కోసారి మోసపోతాం. పోతే డబ్బులు పోతాయి, అంతే. అదే సెకండ్ హ్యాండ్‌లో 6.8 కిలోల పెట్రోల్ విమానం కొంటే? గంటకు 60 కిలోమీటర్ల స్పీడ్‌లో అది అదుపు తప్పితే ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఊహించుకోండి. అదే బరువున్న వస్తువు నాలుగైదు అంతస్తుల పైనుంచి మీద పడినట్టే. పైగా దాని ముక్కుకి 17 అంగుళాల ప్రొపెల్లర్ కూడా తిరుగుతూ ఉంటుంది.

ఫోన్ల గురించి రాసే చోట విమానం గోలేంటి అనుకోకండి. ఇందులోనూ బ్యాటరీ, రేడియో, మోటార్లు, సర్క్యూట్లు ఉన్నాయి. ఇదీ గ్యాడ్జెటే. కాకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్తే బ్యాటరీ హెల్త్ చూపించదు, అన్నీ మనమే విప్పి చూసుకోవాలి.

నేను కొన్నది పైపర్ జే-3 కబ్ మోడల్. పసుపు రంగు మీద నల్ల గీత ఉంటుంది చూడండి, అదే. 1938 నుంచి 1947 వరకు అమెరికాలో తయారైన చిన్న ట్రైనర్ విమానం ఇది. నా దగ్గరున్నది క్వార్టర్ స్కేల్, అంటే అసలు దాంట్లో నాలుగో వంతు. అసలు కబ్ రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి 35 అడుగుల 3 అంగుళాలు ఉంటాయి కాబట్టి దీనివి దాదాపు 106 అంగుళాలు, అంటే 2.7 మీటర్లు. ఒక రెక్క ఉన్న మోడల్ 80 అంగుళాలు దాటితే జెయింట్ స్కేల్ అంటారు. మా టూ బీహెచ్‌కేలో దీన్ని బిగిస్తే బాల్కనీ తలుపు తెరుచుకోదు. అమ్మ ఆ విషయం రోజుకోసారి గుర్తు చేస్తుంది.

సికింద్రాబాద్‌లో ఒక రిటైర్డ్ అంకుల్ దగ్గర ఇంజన్‌తో సహా 22 వేలకి దొరికింది. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే, "కంటికి ఆనట్లేదు బాబూ. వంద మీటర్లు దాటితే ముక్కు ఎటుందో తోక ఎటుందో తెలీట్లేదు. గోడకి తగిలించుకునేవాడికైతే ఇవ్వను, ఎగరేస్తానంటే తీసుకెళ్లు" అన్నారు. ఇంజన్ స్టార్ట్ చేసి చూపించారు. నాలుగోసారి తిప్పగానే అందుకుంది. చూడ్డానికి కూడా నీట్‌గానే ఉంది, అక్కడక్కడ కవరింగ్ ముడతలు తప్ప.

నేను నాలుగేళ్లుగా ఫోమ్ విమానాలు ఎగరేస్తున్నా, కిలో, కిలోన్నర బరువుండేవి. అందుకే ఇంటికి తెచ్చిన రోజే మా ఫ్రెండ్ "ఇంజన్ బాగుంది కదరా, కొత్త రిసీవర్ పెట్టేసి ఆదివారం ఎగరేసేద్దాం" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. రిసీవర్ మార్చడం గంట పని. నిజం చెప్పాలంటే బ్యాటరీ ఛార్జింగ్‌కి కూడా పెట్టేశా.

బ్యాటరీ చెప్పిన అబద్ధం

లోపల ఉన్నది 5 సెల్స్ నికెల్ క్యాడ్మియం ప్యాక్. మీద 6 వోల్టులు, 2000 ఎంఏహెచ్ అని రాసుంది. రాత్రంతా ఛార్జ్ చేసి పొద్దున మీటర్ పెడితే 6.9 వోల్టులు చూపించింది. సూపర్ అనుకున్నా. కానీ లోడ్ లేకుండా వోల్టేజ్ చూడటమంటే, కుర్చీలో కూర్చున్న మనిషిని చూసి పరిగెత్తగలడో లేదో చెప్పడం లాంటిది. అనుమానం వచ్చి ఛార్జర్‌లో డిశ్చార్జ్ మోడ్ పెట్టి 1 ఆంపియర్ లాగించా. 610 ఎంఏహెచ్ దగ్గరే చేతులెత్తేసింది. రాసినదాంట్లో మూడో వంతు కూడా లేదు. 80 శాతం కంటే తక్కువ ఇచ్చే ప్యాక్‌ని విమానంలో పెట్టకూడదన్నది ఈ హాబీలో అందరూ పాటించే లెక్క.

మా ఫ్రెండ్ చెప్పినట్టు చేసుంటే ఏమయ్యేదో చూడండి. అంకుల్ వాడింది పాత 72 మెగాహెర్ట్జ్ రేడియో. ఆ కాలం రిసీవర్లు వోల్టేజ్ కాస్త తగ్గినా ఎలాగోలా నెట్టుకొచ్చేవి. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్ లోపల ప్రాసెసర్ ఉంటుంది. గాలిలో ఐదు సర్వోలు ఒకేసారి కదిలినప్పుడు కరెంట్ ఒక్కసారిగా లాగేస్తాయి. బ్యాటరీ నీరసంగా ఉంటే ఆ క్షణంలో వోల్టేజ్ పడిపోతుంది, రిసీవర్ రీబూట్ అవుతుంది. ఫోన్ రీబూట్ అయితే టీ తాగుతూ ఆగొచ్చు. విమానం ఆగదు కదా! అంటే కొత్త రిసీవర్ ఒక్కటే మార్చుంటే, అంకుల్ చేతిలో ఇన్నాళ్లు బాగానే ఎగిరిన విమానాన్ని నేనే ప్రమాదంగా మార్చేవాణ్ని. పాత కోడ్‌లో ఒక్క లైబ్రరీ అప్‌గ్రేడ్ చేసి మిగతాది ముట్టుకోకుండా ప్రొడక్షన్‌లో పెట్టినవాళ్లకి ఈ బాధ తెలుసు.

బ్యాటరీ ఒక్కటే మార్చినా సరిపోదు. స్విచ్‌కి వెళ్లే నెగటివ్ తీగ కత్తిరించి చూస్తే లోపల రాగి ఎర్రగా లేదు, బొగ్గులా నల్లగా ఉంది. టంకం పెడితే అంటుకోవట్లేదు. నికెల్ క్యాడ్మియం ప్యాక్‌లని ఏళ్ల తరబడి తగిలించి వదిలేస్తే వచ్చే జబ్బు ఇది, బ్లాక్ వైర్ అంటారు. బ్యాటరీ దగ్గర మొదలై తీగ వెంట పాకుతూ స్విచ్ దాకా వెళ్తుంది. పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం కొత్తదానిలా ఉంటుంది. అందుకే తీగలు, స్విచ్, ఎక్స్‌టెన్షన్లు అన్నీ పీకేశా. బదులుగా 6.6 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్‌లు రెండు, వాటికి వేరువేరు స్విచ్‌లు పెట్టా. ఒకటి చచ్చినా రెండోది ఉంటుంది. మీరూ ఇదే పెట్టాలనుకుంటే ముందు సర్వోల మీద రాసిన వోల్టేజ్ చూసుకోండి. ఫుల్ ఛార్జ్‌లో ఇవి 7.2 దాకా వెళ్తాయి, పాత సర్వోలు కొన్ని తట్టుకోవు. నా సర్వోల్లో రెండిటికి గేర్ పళ్లు అరిగిపోయాయి కాబట్టి ఆలోచించకుండా ఐదూ మార్చేశా. ఖర్చులో సగం అక్కడే అయింది.

లైట్లు ఆర్పేసి చూస్తే

ఇక్కడితో అయిపోయింది అనుకున్నా. కానీ కుడి రెక్క మీద కవరింగ్ ముడతలు ఒక్క చోటే ఎక్కువగా ఉన్నాయి. ఎండకి వదులైతే అంతటా ఒకేలా ఉండాలి కదా అనిపించింది. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, రెక్క మొదట్లో ఉన్న రంధ్రంలోంచి చిన్న ఎల్ఈడీ లోపలికి దూర్చా. పసుపు కవరింగ్ లాంతరులా వెలిగింది. లోపలి బాల్సా రిబ్బులన్నీ నీడల్లా కనిపించాయి. స్ట్రట్ బిగించే చోట మాత్రం నీడ తిన్నగా లేదు. ఒక ముద్ద, దాని పక్కనే సన్నటి వెలుగు గీత.

కబ్‌లో స్ట్రట్ అంటే రెక్క మధ్యలోంచి బాడీ కిందకి ఏటవాలుగా వచ్చే కడ్డీ. చిన్న మోడల్స్‌లో అది అలంకారం. ఇంత పెద్ద వాటిలో చాలావరకు అది నిజంగానే రెక్కని పట్టి ఉంచుతుంది. విమానాన్ని 60 డిగ్రీలు వాల్చి ఎత్తు తగ్గకుండా తిప్పితే రెక్కల మీద భారం సరిగ్గా రెట్టింపవుతుంది. అంటే 6.8 కిలోల విమానం రెక్కలకి 13.6 కిలోలుగా అనిపిస్తుంది. లూప్ కొడితే ఇంకా ఎక్కువ. ఆ లాగుడంతా వచ్చి పడేది ఈ స్ట్రట్ బోల్ట్ మీద, ఆ బోల్ట్‌ని పట్టుకున్న ప్లైవుడ్ ముక్క మీద.

మర్నాడు కవరింగ్ కోసి చూశా. రిబ్ నిలువునా చీలి ఉంది. ఎవరో ఎప్పుడో ఇన్‌స్టంట్ జిగురు పోసి అతికించారు. ఆ జిగురు గట్టిగానే పడుతుంది కానీ పెళుసు, పెట్రోల్ ఇంజన్ వణుకుడికి ఏళ్ల మీద పగుళ్లు వస్తాయి. వేలితో నొక్కితే ప్లైవుడ్ ముక్క కదిలింది.

అంకుల్‌కి ఫోన్ చేశా. తప్పు పట్టడానికి కాదు, ఇంకెక్కడైనా దెబ్బలు తగిలాయేమో తెలుసుకుందామని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఒకసారి ఎదురుగాలికి కుడి రెక్క నేలకి తగిలింది బాబూ. నేనే అతికించా. దాని మీదే మూడు సీజన్లు ఎగరేశా. పిల్లలు కూడా వచ్చేవాళ్లు చూడ్డానికి" అన్నారు.

పాత జిగురంతా గీకేసి, రిబ్‌కి రెండు వైపులా కొత్త ప్లైవుడ్ ముక్కలు పెట్టి, 30 నిమిషాల ఎపాక్సీతో అతికించా. ఎడమ రెక్క బాగానే ఉన్నట్టు కనిపించినా దానికీ అదే చేశా. కవరింగ్ పీకేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. పైకి లాగితే బాల్సా కూడా ఊడొస్తుంది. వెనక్కి మడిచి, రెక్కకి ఆనించినట్టుగా మెల్లగా లాగాలి. కొత్త ఫిల్మ్‌ని చిన్న ఇస్త్రీపెట్టెతో వేయాలి. దాదాపు 100 డిగ్రీల వేడికి అంటుకుంటుంది, ఇంకాస్త పెంచితే బిగుసుకుంటుంది. నా మొదటి ప్యాచ్ చూసి చెల్లి "సమోసాలా ఉంది" అంది. మూడోది పర్లేదు.

రాణిగంజ్‌లో కార్బురేటర్

20 సీసీ ఇంజన్ స్టార్ట్ అయితే అవుతోంది కానీ ఐడిల్‌లో నిలబడట్లేదు, రెండు నిమిషాలకి ఆగిపోతోంది. ఈ ఇంజన్లలో ఉండేది డయాఫ్రం కార్బురేటర్. పెట్రోల్‌ని లాగే పని ఒక పల్చటి పొర చేస్తుంది. ఇంజన్ లోపలి ఒత్తిడి పెరిగి తగ్గే కొద్దీ అది కొట్టుకుంటుంది. ఏళ్లపాటు వాడకుండా వదిలేస్తే ఆ పొర అట్టముక్కలా బిగుసుకుపోతుంది. ఇప్పుడు మన బంకుల్లో పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరుకి ఇంకా చేటు.

విదేశీ సైట్లలో ఈ రిపేర్ కిట్ కోసం రెండు రోజులు వెతికా. తర్వాత తట్టింది: పొలాల్లో వాడే బ్రష్ కట్టర్లకీ ఇలాంటి కార్బురేటరే కదా! రాణిగంజ్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపుకి కార్బురేటర్ పట్టుకెళ్తే, అక్కడి అన్న అటూ ఇటూ తిప్పి చూసి పై అరలోంచి కిట్ తీసి ఇచ్చాడు. నేను వెతికిన ధరలో పదో వంతు కూడా లేదు. "ఏ మిషన్‌ది తమ్ముడూ ఇది?" అని అడిగితే విమానానిది అన్నా. నమ్మలేదు.

ట్యాంక్ లోపలి ట్యూబులు కూడా మార్చా. సిలికాన్ ట్యూబ్ పెట్రోల్‌లో ఉబ్బి కరిగిపోతుంది, పెట్రోల్‌కి పనికొచ్చే ట్యూబే వాడాలి. ఇంజన్‌ని బిగించే ప్లైవుడ్ గోడని ఫైర్‌వాల్ అంటారు, మన నెట్‌వర్క్ ఫైర్‌వాల్ కాదులెండి. దాని అతుకులకి కూడా మళ్లీ ఎపాక్సీ పట్టించి, వెదురు పుల్లలు మేకుల్లా దిగ్గొట్టా.

ఎగరేసే ముందు

అన్నీ బిగించాక బ్యాలెన్స్ చూస్తే తోక బరువైపోయింది. కారణం కాసేపటికి కానీ వెలగలేదు. పాత నికెల్ ప్యాక్ బరువుగా ఉండి ముక్కు దగ్గర ఉండేది. కొత్తవి తేలిక. తోక బరువున్న విమానం చిన్న కదలికకే ఎగిరెగిరి పడుతుంది, చాలాసార్లు మొదటి ఫ్లైటే ఆఖరి ఫ్లైట్ అవుతుంది. నా కబ్ రెక్క వెడల్పు 40 సెంటీమీటర్లు. బ్యాలెన్స్ పాయింట్ ముందు అంచు నుంచి 10, 12 సెంటీమీటర్ల మధ్యకి వచ్చేదాకా బ్యాటరీలని ఫైర్‌వాల్ వైపు జరిపా. ఇగ్నిషన్ బాక్స్ నుంచి రిసీవర్‌ని మాత్రం కనీసం 30 సెంటీమీటర్లు దూరంగానే ఉంచా.

తర్వాత నేనూ మా ఫ్రెండూ చెరో రెక్క చివర పట్టుకుని విమానాన్ని పైకి లేపాం. ఇలా లేపితే రెక్క మొదట్లో పడే వంపు భారం తిన్నగా ఎగిరేటప్పుడు పడేదానికి దాదాపు రెట్టింపు. చెవి పెట్టి విన్నాం. టిక్కుమన్న శబ్దం కూడా రాలేదు. రేంజ్ చెక్‌ని మాత్రం ఇంజన్ ఆపి చేసి వదిలేయకండి. ఇంజన్ నడుస్తుండగా చేసినప్పుడే నా రడ్డర్ వణికింది. చూస్తే స్పార్క్ ప్లగ్ క్యాప్ సరిగ్గా కూర్చోలేదు. గట్టిగా నొక్కాక ఆగింది. సిగ్నల్ పోతే ఇంజన్ ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ కూడా పెట్టుకోవాలి, ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేసి అది పనిచేస్తోందో లేదో నేల మీదే చూడాలి.

ఎక్కడ పడితే అక్కడ ఎగరేయలేం. 2021 డ్రోన్ రూల్స్ మోడల్ విమానాలకీ వర్తిస్తాయి. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్.. హైదరాబాద్ చుట్టూ ఎయిర్‌ఫీల్డులే కాబట్టి డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోన్ చూసుకునే వెళ్లాలి. మేం ఊరి బయట ఒక ఖాళీ స్థలానికి, పొలం ఓనర్‌ని అడిగి, పొద్దున ఆరింటికే వెళ్లాం. మొదటి ఫ్లైట్ నేను చేయలేదు. ఇరవై ఏళ్లుగా పెద్ద విమానాలు ఎగరేస్తున్న ఒక సీనియర్‌కి ట్రాన్స్‌మిటర్ ఇచ్చేశా. ఆయన ట్రిమ్ సెట్ చేసి దింపాక రెండో ఫ్లైట్ నాది, ఆరు నిమిషాలు. చేతులు వణికాయి, ల్యాండింగ్‌లో రెండుసార్లు గెంతింది, ఏం విరగలేదు.

అంకుల్ కూడా వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విమానం వైపు కాకుండా నేల వైపు చూస్తూ ఉన్నారు. నేను దింపగానే, "పైకి లేపినప్పుడు ఇంజన్ సౌండ్ సన్నబడుతోంది బాబూ, పెట్రోల్ సరిపోవట్లేదు. హై నీడిల్ కొంచెం తెరువు, పావులో సగం" అన్నారు. తెరిచా. మూడో ఫ్లైట్‌లో ఆ సౌండ్ రాలేదు.