భర్తకి యావజ్జీవ శిక్ష పడితే విడాకులు వాటంతట అవే వచ్చేస్తాయా?

ఈ ఎపిసోడ్‌లో కాస్త బరువైన విషయం మాట్లాడుకుందాం. పోయిన వారం ఒక చెల్లెమ్మ మెసేజ్ పెట్టింది. ఆమెకి 27 ఏళ్లు, నాలుగేళ్ల బాబు ఉన్నాడు. పొలం గట్టు తగాదాలో ఒక మనిషి ప్రాణం పోయింది, ఆ కేసులో ఈమె భర్తకి యావజ్జీవ శిక్ష పడింది. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని, వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద ‘ఇక నుంచి ఇద్దరికీ సంబంధం లేదు’ అని రాయించి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారట. ఇప్పుడు పుట్టింటివాళ్లు ఇంకో సంబంధం చూస్తున్నారు. ‘అన్నా, ఆ కాగితం ఉంది కదా, ఆయన ఎలాగూ జైల్లోనే ఉన్నాడు కదా, నేను పెళ్లి చేసుకోవచ్చా?’ అని అడిగింది.

చేసుకోకూడదమ్మా. ఇప్పుడే చేసుకోకూడదు. ముందు కోర్టు నుంచి డిక్రీ రావాలి.

స్టాంప్ పేపర్ విడాకులు చెల్లవు

కులాచారం ప్రకారం విడాకులు ఇచ్చే పద్ధతి కొన్ని చోట్ల ఉంది, హిందూ వివాహ చట్టం కూడా దాన్ని కొట్టేయలేదు. కానీ ఆ ఆచారం పాతకాలం నుంచి మా కులంలో ఉందని కోర్టులో సాక్ష్యాలతో నిరూపించాలి. పంచాయితీలో రాసుకున్న మామూలు కాగితంతో పెళ్లి రద్దవ్వదు. డిక్రీ లేకుండా రెండో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, పైగా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరం కూడా. తప్పు చేసి జైల్లో ఉన్నది ఆయనైతే, కేసు ఈమె మీద పడుతుంది. అందుకే ఇంతగా చెబుతున్నా.

మీ పెళ్లి ఏ చట్టం కిందిది?

శిక్ష పడటం విడాకులకి కారణమవుతుందా అంటే, అది మీ పెళ్లి ఏ చట్టం కింద జరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద పెళ్లి చేసుకున్నవాళ్లకి ఇది సూటిగా ఉంది. అవతలి మనిషి ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ జైలు శిక్ష అనుభవిస్తూ ఉంటే, సెక్షన్ 27 కింద విడాకులు అడగొచ్చు. భార్య అడగొచ్చు, భర్త కూడా అడగొచ్చు.

ముస్లిం భార్యలకి 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ఉంది. భర్తకి ఏడేళ్లు లేదా ఎక్కువ శిక్ష పడితే అదొక కారణమే. అయితే ఆ శిక్ష ఖరారయ్యాకే కోర్టు డిక్రీ ఇస్తుంది. అంటే పైకోర్టులో అప్పీల్ నడుస్తూ ఉంటే ఆగాల్సిందే. ఆలోగా, భర్త రెండేళ్లుగా పోషణ చూడకపోవడం లాంటి వేరే కారణాలు ఆ చట్టంలో ఉన్నాయి, అవి మీకు వర్తిస్తాయేమో లాయర్ గారిని అడగండి.

ఇప్పుడు హిందూ వివాహ చట్టం, 1955. మనలో చాలామంది పెళ్లిళ్లు దీని కిందవే. ఆశ్చర్యం ఏంటంటే, ఇందులో ‘జైలు శిక్ష’ అనే కారణమే లేదు! క్రైస్తవులకి వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలోనూ ఇంతే. ఈ రెండు చట్టాల్లోనూ భార్యకి ఒక ప్రత్యేక హక్కు మాత్రం ఉంది: పెళ్లయ్యాక భర్త అత్యాచారం లాంటి నేరానికి దోషి అయితే, ఆ ఒక్క కారణంతోనే విడాకులు అడగొచ్చు. హత్యకి ఆ మాట రాయలేదు.

ఇంకో మాట. ‘మాది రిజిస్టర్ మ్యారేజీ అండి, అంటే ప్రత్యేక వివాహ చట్టమే కదా’ అంటారు చాలామంది. కాదండి. గుళ్లోనో కల్యాణమండపంలోనో తాళి కట్టి, తర్వాత ఆఫీసులో రిజిస్టర్ చేయించుకుంటే అది హిందూ వివాహమే. సర్టిఫికెట్ తీసి, ఏ చట్టం అని రాసుందో చూడండి.

మరి హిందూ వివాహ చట్టంలో దారేంటి?

రెండు దారులున్నాయి.

మొదటిది, ఇద్దరూ ఒప్పుకుంటే పరస్పర అంగీకారం, సెక్షన్ 13బి. భార్యాభర్తల్లా కాకుండా కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. మొదటి పిటిషన్ తర్వాత ఆరు నెలల గడువు ఉంటుంది, తగిన కేసుల్లో దాన్ని తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఆయన జైల్లో ఉన్నా సంతకాలు జైలు అధికారుల ద్వారా పెట్టించొచ్చు. వాంగ్మూలానికి వీడియో కాన్ఫరెన్స్ అడగొచ్చు. ఈ చెల్లెమ్మ విషయంలో ఆయన స్టాంప్ పేపర్ మీద సంతకం పెట్టాడంటే ఒప్పుకునే మనిషే అనుకోవచ్చు. కాబట్టి ముందు ఈ దారే చూడాలి.

రెండోది, ఆయన ఒప్పుకోకపోతే క్రూరత్వం అనే కారణం. ‘వదిలేసి వెళ్లాడు’ అని వేయొద్దు, అది నిలవడం కష్టం. ఎందుకంటే వదిలేయడం అంటే కావాలని వెళ్లిపోవడం. జైలుకి ఎవరూ కావాలని వెళ్లరు కదా.

మానసిక క్రూరత్వానికి ఇదీ అని గీత గీసి చెప్పలేమని సుప్రీంకోర్టు 2007లో సమర్ ఘోష్ కేసులో చెప్పింది. ఒక్కో కేసులో పరిస్థితులు చూడాలి. హత్య కేసులో భర్తకి యావజ్జీవ శిక్ష పడటం భార్యకి మానసిక క్రూరత్వమే అని 2024లో మధ్యప్రదేశ్ హైకోర్టు విడాకులు ఇచ్చింది. ఆ తీర్పు మన కోర్టులు కచ్చితంగా పాటించాల్సింది కాదు గానీ, మీ లాయర్ గారు చూపించడానికి పనికొస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. పిటిషన్‌లో ‘నా భర్త జైల్లో ఉన్నాడు, విడాకులు ఇప్పించండి’ అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు. అలా కాదు. ఆ నేరం వల్ల మీ బతుకు ఏమైందో రాయించండి. అద్దె ఇల్లు ఖాళీ చేయమన్నారా? బడిలో బాబుని తోటిపిల్లలు ఏమన్నారు? అత్తింటివాళ్లు బయటికి పంపేశారా? అంతకుముందు ఆయన కొట్టేవాడా? తేదీలు, సాక్షులు, కాగితాలు పెట్టండి. క్రిమినల్ కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ తప్పనిసరిగా తీసుకోండి.

ములాఖత్‌కి వెళ్తే కేసు పోతుందా?

పిల్లాడిని తండ్రికి చూపించడానికి జైలుకి వెళ్లినంత మాత్రాన క్షమించేసినట్టు కాదు. కానీ ఆయన పెరోల్ మీద వచ్చినప్పుడు మళ్లీ కాపురం చేస్తే, ‘జరిగిందంతా క్షమించింది’ అని అవతలి లాయర్ వాదిస్తారు. క్షమించిన క్రూరత్వం మీద విడాకులు రావు. ఇది గుర్తుపెట్టుకోండి.

కేసు ఎక్కడ? ఖర్చు ఎలా?

భార్య తాను ఉంటున్న ఊరి పరిధిలోని కోర్టులోనే వేసుకోవచ్చు. జైలు రాజమండ్రిలో ఉంది కాబట్టి అక్కడికి వెళ్లి వేయాలేమో అని భయపడక్కర్లేదు. నోటీసు జైలు సూపరింటెండెంట్ ద్వారా ఆయనకి అందుతుంది. లాయర్ ఫీజుకి డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని పెడతారు. 15100 కి ఫోన్ చేసి అడగొచ్చు.

భరణం సంగతి. జైల్లో ఉన్నవాడు నెలనెలా ఏం ఇస్తాడు అనిపిస్తుంది. కానీ ఆయన పేరు మీద పొలమో ఇల్లో ఉంటే, ఆ ఆస్తి మీద భారం ఉండేలా కోర్టు ఆదేశం ఇవ్వొచ్చు. ఆ కాగితాల నకళ్లు ముందే తీసిపెట్టుకోండి. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం మీ స్త్రీధనం, అది మీదే.

బాబు విషయంలో, తండ్రి అందుబాటులో లేనప్పుడు తల్లి కూడా సహజ సంరక్షకురాలే అని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విడాకులతో పాటే కస్టడీ కూడా అడగండి. అయితే తండ్రికి బిడ్డని చూసే హక్కు పూర్తిగా పోతుందని అనుకోవద్దు. బిడ్డకి ఏది మంచిదో చూసి కోర్టు చెబుతుంది.

చివరగా ఆ చెల్లెమ్మకి. ‘మొగుడు కష్టంలో ఉంటే వదిలేస్తావా’ అని మీ అత్తగారు అన్నారని రాశారు. ఆయన కోసం ఎదురుచూడటమా, విడిపోవడమా అన్నది మీ ఇష్టం, రెండిట్లో ఏదీ తప్పు కాదు. ఎదురుచూస్తాను అంటే ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. విడిపోతాను అంటే ఆ స్టాంప్ పేపర్‌ని పట్టుకుని కూర్చోకుండా ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కండి. డిక్రీ వచ్చాక అప్పీల్ గడువు 90 రోజులు దాటనివ్వండి. ఆ సంబంధం వాళ్లకి నిజంగా మీరు కావాలనుకుంటే అప్పటిదాకా ఆగుతారు.

మీ కేసులో వివరాలు వేరుగా ఉండొచ్చు కాబట్టి, అడుగు వేసేముందు ఒక లాయర్‌కి కాగితాలన్నీ చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.