ఆ గాజుల వెనుక ఎన్ని చేతులో!

పెళ్లి కుదిరిందంటే చాలు, హైదరాబాద్‌లో ఆడవాళ్లకి చార్మినార్ గుర్తుకొస్తుంది. బంగారం ఎక్కడ కొన్నా, చీరలు ఎక్కడ తీసుకున్నా, గాజులకి మాత్రం లాడ్ బజార్ వెళ్లాల్సిందే. కిందటేడాది మాఘమాసంలో మా మేనకోడలి పెళ్లికి వదినా, పెళ్లికూతురూ, నేనూ అలాగే బయల్దేరాం. ఆ రోజు గాజులతో పాటు ఒక సంగతి కూడా మనసులో మూటగట్టుకుని వచ్చాం. అది మీతో చెబుదామనే ఇది రాస్తున్నాను.

1591లో కట్టిన చార్మినార్‌కి పడమటి వైపు తిరిగితే మొదలవుతుంది లాడ్ బజార్. అటూ ఇటూ అద్దాల దుకాణాలు, దీపాల వెలుగులో తళతళలాడే గాజులు. మధ్యమధ్యలో అత్తరు సీసాలు, ఖడా దుపట్టాలు, జరీ అంచులు. ముందుకు సాగితే మహబూబ్ చౌక్, అక్కడ 1892 నాటి గడియార స్తంభం. లాడ్ అంటే ముద్దు, మురిపెం అని కొందరంటారు. లక్క మాట నుంచే ఆ పేరొచ్చిందని మరికొందరు. రెండిట్లో ఏది నిజమైనా ఈ వీధికి అతికినట్టే ఉంటుంది. రంజాన్ నెలలో అయితే ఇక్కడ అర్ధరాత్రి కూడా నడవడానికి సందుండదు. బురఖా వేసుకున్నవారూ, పట్టుచీర కట్టినవారూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని చేతులు చాపుతారు.

రెండు-నాలుగు అంటే ఏమిటి?

"సైజు ఎంత అక్కా?" అని అడిగాడు దుకాణం భాయ్. "రెండు-నాలుగు" అంది మా పిల్ల. అతను చేతి వంక ఒక్కసారి చూసి, "కాదమ్మా, రెండు-ఆరు" అన్నాడు. తొడిగి చూస్తే అతను చెప్పిందే నిజం!

మనం చిన్నప్పటి నుంచీ ఈ అంకెలు చెబుతూనే ఉంటాం. అర్థం తెలిసినవాళ్లు తక్కువ. ఇది పాత అణాల లెక్క. రూపాయికి 16 అణాలు ఉన్నట్టే, అంగుళాన్ని 16 భాగాలు చేస్తారు. రెండు-నాలుగు అంటే గాజు లోపలి అడ్డుకొలత 2 అంగుళాల మీద 4 భాగాలు, అంటే రెండుంపావు అంగుళాలు. రెండు-ఎనిమిది అంటే రెండున్నర. అణాలు పోయి ఎన్నేళ్లయినా మన ముంజేతుల మీద ఇంకా చెల్లుబాటు అవుతూనే ఉన్నాయన్నమాట.

సరే, జోడు నచ్చింది. ఇక బేరం. మా వదిన బేరమాడటంలో ఆరితేరిన మనిషి. సగానికి అడిగింది, లేచింది, నాలుగడుగులు నడిచింది, వెనక్కి పిలిపించుకుంది. చివరకు ఇంకో యాభై కూడా తగ్గించింది. డబ్బులిచ్చేటప్పుడు చూస్తే ఒక గాజుకి రాయి ఒకటి ఊడి ఉంది. "అయిదు నిమిషాల పని, వెనక గల్లీలో పెట్టించి తెస్తా" అన్నాడు భాయ్. "మేమూ వస్తాం" అన్నాను నేను. ఎందుకన్నానో తెలియదు, చూడాలనిపించింది.

వేడి మీద పని

ఇరుకు మెట్లెక్కి వెళితే చిన్న గది. నేల మీద బొగ్గుల కుంపటి, దాని మీద ఇనుప రేకు. పక్కన చిన్న చిన్న గిన్నెల్లో రంగురంగుల రాళ్లు. నలభై ఏళ్లుంటాయేమో, ఒకావిడ కూర్చుని ఉంది. గాజుని రేకు మీద కాస్త వెచ్చచేసి, చిమటాతో రాయి తీసి, మెత్తబడిన లక్కలో అద్దింది. అంతే, రాయి కూర్చుంది. తర్వాత గాజుని తిప్పి తిప్పి చూసి నవ్వింది.

"ఇది నా చేతిదే అమ్మా. పువ్వుకి నేను ఆరు రాళ్లు పెడ్తా. మిగిలినోళ్లు అయిదే పెడ్తరు."

ఆవిడ చేతుల వంక చూశాను. ఎడమ చేతికి రెండు మట్టి గాజులు. కుడి చెయ్యి బోసిగా ఉంది. "పనికి అడ్డం పడ్తయి" అంది. లక్క గాజులు వేసుకోవా అని అడిగితే, "కుంపటి ముందు కూసుంటే నిలుస్తయా? కరిగిపోవూ!" అని మళ్లీ నవ్వింది.

లక్క అంటే చెట్ల కొమ్మల మీద పెరిగే చిన్న పురుగులు విడిచే జిగురు. మోదుగ, రేగు, కుసుమ చెట్ల మీద ఈ పురుగుల్ని పెంచుతారు. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్‌లలో లక్క ఎక్కువగా పండుతుంది. ఆ ముద్దని వేడిచేసి, రంగు కలిపి, పొడుగ్గా సాగదీసి, గుండ్రంగా వంచితే గాజు అవుతుంది. లోపల సన్నటి లోహపు కడియం పెట్టి చేసేవీ ఉన్నాయి. కరిగించడం, సాగదీయడం ఎక్కువగా మగవాళ్ల పని. రాళ్లు పొదగడంలో ఆడవాళ్ల చేతులు చాలా ఉంటాయి. ఎంతోమంది ఇంటి దగ్గరే, వంటా పిల్లలూ చూసుకుంటూ ఈ పని చేస్తారు. జీతం ఉండదు. డజనుకి ఇంత, జోడుకి ఇంత అని లెక్క.

మీరే ఒక లెక్క వేసి చూడండి. ఒక గాజుకి 60 రాళ్లు అనుకుందాం. నాలుగు గాజుల జోడుకి 240 రాళ్లు. అంటే 240 సార్లు కళ్లు చిట్లించి చూడాలి, 240 సార్లు చిమటా పట్టాలి. ఎండాకాలమైనా కుంపటి ముందు నుంచి కదలడానికి లేదు. ఫ్యాన్ వేస్తే లక్క త్వరగా చల్లారి రాయి పట్టదు. మెడ నొప్పి, వేలి కొసలకి చురుకులు, కళ్ల మంట ఈ పనిలో మామూలే.

మేము కిందికి దిగుతుంటే మెట్ల మీద వదిన నా చెవిలో, "ఆ యాభై ఎవరి దగ్గర తగ్గించానంటావ్?" అంది. నేనేం చెప్పను?

పేరొచ్చింది, మరి పని చేసేవారికి?

లాడ్ బజార్‌కి ఈ మధ్య పేరు బాగానే వచ్చింది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, దక్కింది. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలకి వచ్చిన అందగత్తెలు ఈ వీధిలో నడిచి గాజులు తొడిగించుకున్నారు. ఆ ఫొటోలు దేశదేశాల్లో చూశారు. సంతోషమే.

కానీ జీఐ గుర్తింపు వల్ల కూలి దానంతట అదే పెరగదు. వేరే ఊళ్లో చేసిన సరుకుని ఈ పేరుతో అమ్మకుండా చట్టం అడ్డుపడుతుంది, అంతవరకే. ఆ పేరు వాడుకునే హక్కు కావాలంటే తయారు చేసేవారు అధీకృత వాడకందారుగా విడిగా నమోదు చేసుకోవాలి. దుకాణం ఉన్నవారికి కాగితాలుంటాయి. గల్లీలో రాళ్లు పొదిగే అమ్మకి తాను కళాకారిణినని చెప్పే కాగితం ఏది? 2023 సెప్టెంబరులో కేంద్రం విశ్వకర్మ పథకం మొదలుపెట్టినప్పుడు 18 వృత్తులు ప్రకటించింది. అందులో కుమ్మరి, కంసాలి, దర్జీ, పూలదండలు కట్టేవారు కూడా ఉన్నారు. లక్క గాజులు చేసేవారు లేరు.

ఇంకో చేదు సంగతి కూడా చెప్పాలి. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందల మందికి పైగా పిల్లల్ని విడిపించారు. చాలామంది బీహార్ నుంచి తెచ్చిన పసివాళ్లు. చిన్న రాళ్లకి చిన్న వేళ్లయితే బాగుంటాయన్న దురాశ అది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. అలాంటిది కంటపడితే 1098కి ఫోన్ చేయండి.

నిప్పు భయం కూడా ఉంది. లక్క ఇల్లు ఎంత తొందరగా అంటుకుంటుందో భారతంలో విన్నాం కదా! 2025 మే 18న చార్మినార్ దగ్గరే గుల్జార్ హౌజ్‌లో, కింద దుకాణాలూ పైన ఇల్లూ ఉన్న పాత భవనంలో మంటలు రేగి 17 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికీ గాజుల పనికీ సంబంధం లేదు. కానీ దిగడానికి ఒకే దారి ఉన్న ఇరుకు మెట్ల ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. అలాంటి గదిలో కుంపటి పెట్టి పనిచేసేవారు ఇసుక బకెట్ ఒకటి పక్కనే ఉంచుకోవాలి. మెట్ల మీద సరుకు మూటలు పెట్టకూడదు. ఇది యజమానులు చూడాల్సిన బాధ్యత.

ఇంట్లో పనిచేసే అక్కలకి

మీ ఇంటి చుట్టుపక్కల గాజులే కానీ, జరీ పనే కానీ, అగరుబత్తీలే కానీ ఇంట్లో కూర్చుని చేసే ఆడవాళ్లు ఉంటే ఈ రెండు మాటలు చెప్పండి.

మొదటిది ఈ-శ్రమ్ నమోదు. 2021 ఆగస్టులో మొదలైంది. 16 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న అసంఘటిత కార్మికులు పేరు రాయించుకోవచ్చు. ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు, ఫోన్ నంబరు ఉంటే చాలు. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నవారికి ఇది వర్తించదు.

రెండోది కేంద్ర హస్తకళల విభాగం ఇచ్చే పహచాన్ కార్డు. ఇది ఉంటే ఆ మనిషి చేతిపని కళాకారిణి అని ప్రభుత్వ రికార్డులో ఉన్నట్టే. శిక్షణలకీ, ప్రదర్శనల్లో స్టాల్‌కీ దరఖాస్తు చేసేటప్పుడు పనికొస్తుంది.

వీటితో పాటు ఒక చిన్న నోటు పుస్తకం కూడా పెట్టుకోమనండి. ఏ రోజు ఎన్ని జోళ్లు ఇచ్చారు, ఎంత ముట్టింది, ఎంత బాకీ అని రాసుకోవాలి. రాయడం రాకపోతే పిల్లల చేత రాయించుకోవచ్చు. నోటి లెక్కలో ఎప్పుడూ నష్టపోయేది మనమే.

కొనేటప్పుడు, కొన్న తర్వాత

జోడు తీసుకునే ముందు వెలుతురులో ఒకసారి తిప్పి చూడండి. రాళ్లన్నీ ఉన్నాయా, అతుకు దగ్గర పగులు ఉందా, లోపలి అంచు గీసుకుంటోందా గమనించండి. చేతిలో పట్టుకుంటే లక్క గాజు గాజు పెంకులా చల్లగా తగలదు.

లక్క గాజులు వేసుకుని పొయ్యి దగ్గర నిలబడకండి. ఎండలో, కారు అద్దం దగ్గర వదలకండి. మెత్తబడి వంకర తిరుగుతాయి. నీళ్లు, సబ్బు, సెంటు తగిలితే రాళ్లు వదులవుతాయి. తీసిన తర్వాత పొడి నూలు గుడ్డలో చుట్టి, బరువు పడకుండా పెట్టె పై అరలో ఉంచండి.

రాయి ఊడిందని పారేయకండి. లక్క గొప్పతనమే అది. కాస్త వెచ్చచేస్తే మళ్లీ పట్టుకుంటుంది. ప్లాస్టిక్ గాజుకి ఆ భాగ్యం లేదు. ఊడిన రాయిని కాగితంలో చుట్టి దాచి, ఈసారి వెళ్లినప్పుడు పెట్టించుకోండి. అందువల్ల గల్లీలో ఒకరికి పని కూడా దొరుకుతుంది.

మా మేనకోడలి పెళ్లి బాగా జరిగింది. ఆ జోడు చూసి అందరూ ఎక్కడ కొన్నారని అడిగారు. మొన్నీమధ్య మా వదిన ఎవరి శ్రీమంతానికో గాజుల కోసం మళ్లీ వెళ్తూ నన్నూ లాక్కెళ్లింది. బేరం ఆడింది. ఆడకపోతే ఆవిడ మా వదినే కాదు! కాకపోతే ఈసారి లేచి నడిచే నాటకం ఆడలేదు. డబ్బులిస్తూ, "ఇవి ఎవరు పొదిగారు భాయ్?" అని అడిగింది.

అతను ఆశ్చర్యంగా చూశాడు. ఇన్నేళ్లలో తనని ఎవరూ ఆ మాట అడగలేదట. కొంచెంసేపు ఆలోచించి, వెనక్కి తిరిగి, గల్లీ వైపు చెయ్యి చూపించాడు.

వదిన జోడు చేతిలోకి తీసుకుని ఒక పువ్వు దగ్గర రాళ్లు లెక్కపెట్టింది. ఆరు ఉన్నాయి.