నిమ్మళంగా ఉండావా?

మా నంద్యాల, ఆళ్లగడ్డ పక్క ఎవరన్నా ఎదురైతే ‘బాగుండావా’ అని అడిగేది మామూలే. కాస్త పెద్దవయసోళ్లు ఇంకో మాట అడుగుతారు, ‘నిమ్మళంగా ఉండావా నాయనా?’ అని. రెండూ ఒకటే అనుకుంటాం గానీ, మొదటిది బతుకుతెరువును అడుగుతాది, రెండోది మనసును అడుగుతాది. మన పిల్లోళ్ల నోట్లో ఈ రెండో మాట తగ్గిపోతాంది. అందుకే దాని పుట్టుక గురించి రాస్తాండా.

నిమ్మళానికి మూలం సంస్కృతంలోని ‘నిర్మలం’. మలం అంటే మురికి, అది లేనిది నిర్మలం. ప్రాకృతంలోకి వచ్చేసరికి రకారం పక్కనున్న మకారంలో కలిసిపోయి ‘నిమ్మల’ అయింది. ధర్మం ధమ్మం అయినట్టే ఇదీ. తెలంగాణలో ‘నిమ్మలంగ ఉన్నవా’ అంటారు, మన సీమలో ల పోయి ళ వచ్చింది. మురికి అడుక్కు దిగినాక నీళ్లు ఎట్లుంటాయో, మనసు అట్ల ఉంటే నిమ్మళం.

వెనకటికి వంక నీళ్లు, కాలువ నీళ్లు తెచ్చుకున్నప్పుడు బిందె లోపల చిల్లగింజ అరగదీసేవాళ్లు. కొంచేపటికి మట్టంతా కిందికి దిగి పైన తేటనీళ్లు నిలిచేవి. ఆ గింజను హిందీలో ఏమంటారో తెలుసా? ‘నిర్మలీ’. మన నిమ్మళానికి అది చుట్టమే.

నంద్యాల దగ్గరుండే మహానంది కోనేరు చూసే ఉంటారు. అడుగున పడిన రూపాయి బిళ్ల పైనుంచి కనపడతాది. ఆ నీళ్లు నిలవ నీళ్లు కావు. నల్లమల ఊట లోపలికి వస్తానే ఉంటాది, బయటికి పొలాలకు పారతానే ఉంటాది. పారతానే తేటగా ఉండాయి. కాబట్టి నిమ్మళంగా ఉండాలంటే పని మానేసి కూచోవాల్సిన పనిలేదు.

దీనికి దగ్గరగా వినపడే ఇంకో మాట నెమ్మది. కన్నడంలో నెమ్మది, తమిళంలో నిమ్మది అంటే మనశ్శాంతే. తెలుగులో మాత్రం రోడ్డు పక్క ‘నెమ్మదిగా వెళ్లుము’ బోర్డులకెక్కి, నిదానం అనే అర్థమే గట్టిపడింది. ‘జరం నెమ్మదించింది’ అన్నప్పుడు పాత అర్థం ఇంకా బతికుండాది.

నిమ్మళానికీ ఇదే గతి పట్టేటట్టుంది. పని లేనోన్ని చూసి ‘వానికేమప్పా, నిమ్మళంగా ఉండాడు’ అని ఎగతాళికి వాడతాండాం. సినిమాలోళ్లేమో సీమ అంటే కత్తులు, సుమోలే చూపించినారు. మన పెద్దోళ్లు ఒకరినొకరు అడిగేది నిమ్మళం గురించని ఏ సినిమాలో చూపించినారు?

ఈ మాట పోతే నష్టం ఏంది అంటారా? చెప్తా. బ్యాంకు కోచింగుకు పేరుపడిన ఊరు నంద్యాల. చుట్టూ పల్లెల నుంచి, వేరే జిల్లాల నుంచి వచ్చి, అద్దెగదుల్లో ఉండి చదువుతాంటారు. ఒక్క మార్కుతో ఉద్యోగం పోయినోడు, ఇంటికాడ అప్పు గుర్తొచ్చి నిద్ర పట్టనోడు ‘నాకు డిప్రెషన్’ అని చెప్పడు. ‘మనసు నిమ్మళంగా లేదన్నా’ అంటాడు. ఆడపిల్లైతే అది కూడా అనకుండా ఊరుకుంటాది. మనం ‘అన్నీ సర్దుకుంటాయిలే’ అని దాటేస్తాం.

దాటేయొద్దండి. బిందెలో మట్టి కలిసిందని వాడు మనకు చెప్తాండాడు. అప్పుడు సలహాలిచ్చి కలబెడితే ఇంకా బురద లేస్తాది. పక్కన కూచోవాల, చెప్పేది వినాల. రెండు వారాలైనా తేటపడకపోతే డాక్టరు దగ్గరికి తోడుపోవాల. చచ్చిపోవాలనిపిస్తాంది అన్నాడంటే రెండు వారాలు కాదు, ఆ పూటే కదలాల, ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416. రాత్రయినా పగలైనా చేయొచ్చు, డబ్బులు కట్టే పనిలేదు, తెలుగులోనే మాట్లాడతారు.

చిల్, రిలాక్స్ అనే మాటలు వాడుకోండి, తప్పేం లేదు. కానీ అవి ఎదుటోనికి మనం చెప్పే మాటలు. ‘నిమ్మళంగా ఉండావా’ అనేది ఎదుటోన్ని అడిగే మాట. ఈ వారం ఒక దోస్తుకు ఫోన్ చేసి అడగండి. జవాబు పూర్తిగా వినేదాకా మాత్రం పెట్టేయొద్దండి.